ఎర్రమచ్చ, కుంకుడు నురగ

"నీకెంతమంది పిల్లలు?" అని అడిగితే బీరమ్మ సమాధానం చెప్పదు. పేర్లు చెబుతుంది. "ఎల్లేషు, భాగ్యశ్రీ, అనిత" అని ఆపేస్తుంది. లెక్క వేసుకోవడం మన పని. "అంటే ముగ్గురన్నమాట" అన్నారో, మీ మొహంకేసి అదోలా చూసి ఆ పూటంతా మీతో మాట్లాడదు.

ఆవిడ పుట్టింది మక్తల్ వైపు ఓ ఊళ్లో, గొర్రెలు కాసుకునేవాళ్ల ఇంట్లో. వాళ్ల నాయన మందను ఎన్నడూ లెక్కపెట్టలేదట. సాయంత్రం దొడ్డి తడిక దగ్గర నిలబడి, ఒక్కొక్క గొర్రె మొహం చూస్తూ లోపలికి వదిలేవాడట. ఏది రాలేదో ఆయనకు తెలిసేది. ఎన్ని వచ్చాయో మాత్రం ఆయన్ను అడగకూడదు.

"లెక్కవెడితె మంద తరుగుతది సార్" అంటుంది బీరమ్మ. నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి కనుక ఇలాంటివి నమ్మకూడదు. అయినా ఆవిడ ఆ మాట అన్న రోజు నుంచి నా బీరువాలో చొక్కాలు లెక్కపెట్టడం మానేశాను. అవి తరగడం మాత్రం మానలేదు.

అశోక్ నగర్‌లో మా అపార్ట్‌మెంటుకు ఆవిడ వాచ్‌మన్. ఆడమనిషైనా వాచ్‌మన్ అనే అంటాం. ఉద్యోగం కాగితం మీద వాళ్లాయన తిమ్మప్పది. ఆయన తెల్లారకముందే మేస్త్రీ పనికి పోతాడు కనుక కాపలా బీరమ్మది. ఈ భవనం కట్టేటప్పుడు ఇటుకలు మోసింది కూడా ఆవిడే. అయినా దీన్ని పూర్తిగా నమ్మదు. లిఫ్టును పదేళ్లుగా తుడుస్తోంది, ఒక్కసారి ఎక్కలేదు.

"తలుపు మూసుకుంటది సరే. మల్ల తెర్సుకుంటదని ఏం గ్యారంటీ?" అని అడిగిందొకసారి. నేనూ ఆ రోజు మెట్లెక్కే వెళ్లాను.

కొరియర్ కుర్రాణ్ణి పేరు అడుగుతుంది, పొట్లం ఊపి చూస్తుంది, కాసేపాగి మళ్లీ పేరు అడుగుతుంది. రెండోసారి వేరే పేరు చెబుతాడేమోనని. అలాంటి మనిషి అనుమానం లేకుండా దగ్గరకు రానిచ్చిన ప్రాణి ఒకటే. ఆవిడ గది గుమ్మంలో పడుకునే నల్లకుక్క. పేరు కర్రె.

కర్రె ఆవిడకు అంత కావలసినదెందుకయిందో చెప్పాలి. ఒక వానాకాలం మధ్యాహ్నం పక్కనున్న మురుగు నాలా పొంగి నీళ్లు మా సెల్లారులోకి వచ్చేశాయి. బీరమ్మ జ్వరంతో సెల్లారులోనే ఉన్న తన గదిలో ఒళ్లెరక్కుండా పడుకుని ఉంది. కర్రె చీరకొంగు పట్టి లాగి లాగి లేపింది. నేనీ కథ చెప్పిన ప్రతిసారీ నీళ్లు కొంచెం పెరుగుతాయి. ప్రస్తుతం మెడదాకా వచ్చాయి. నిజానికి మోకాళ్లదాకానే. కానీ ఆ గదిలో మంచం లేదు. నేల మీద పడుకున్న మనిషికి మోకాళ్లదాకా నీళ్లంటే ఏమిటో మీరే ఆలోచించుకోండి.

అప్పటినుంచి బీరమ్మ పొద్దున్నే బకెట్టు పట్టుకుని బయల్దేరేది. మా వీధుల నిండా పోటీ పరీక్షల పిల్లల హాస్టళ్లు. వాళ్లు మిగిల్చిన అన్నం, బిర్యానీ ఎత్తుకుని, చిక్కడపల్లి మార్కెట్ వెనక సందుల నుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా కుక్కలకు పెట్టి వచ్చేది.

దీనిమీద మా సంఘం కార్యదర్శి వీరరాఘవరావుకు ఘోరమైన అనుమానం. ఆయన కరెంటు మీటర్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ప్రతి మీటరూ అబద్ధం చెబుతుందన్నది సర్వీసు మొత్తం మీద ఆయన నేర్చుకున్న ఒకే విషయం. ఆ తరవాత ఆ సూత్రాన్ని మనుషులకు కూడా వర్తింపజేశాడు.

"నిరుడు మన సందులో నాలుగు కుక్కలు. ఇప్పుడు ఎనిమిది. వచ్చే ఏడు పదహారు. ఆపై ముప్ఫై రెండు. నేను పోయేనాటికి మనుషులకు నిలబడ్డానికి చోటుండదు" అన్నాడు ఒకరోజు.

"మీరు అంతకాలం ఉంటారనే లెక్క వేశారా?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈలోగా కోచింగుకు పోయే ఒక పిల్లవాణ్ణి కుక్క కరిచింది. టీవీలో చూస్తే రోజూ కుక్కల వార్తలే. మూడు కాలనీల సంఘాలు కలిసి కూర్చుని తీర్మానం చేశాయి. మొదట కుక్కలు ఎన్ని ఉన్నాయో తేల్చాలి. వంద లోపయితే ఇక్కడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించి, గుర్తుకు చెవి కొస కాస్త కత్తిరించి, ఎక్కడివి అక్కడే వదలాలి. వంద దాటితే అన్నిటినీ బండెక్కించి, రింగురోడ్డు అవతల ఎవరో నడిపే షెడ్డుకు పంపేయాలి. షెడ్డుకు పోయిన కుక్క తిరిగి రాదు.

ఈ ముక్క బీరమ్మకు ఎవరూ చెప్పలేదు.

లెక్క తేల్చడానికి మహిత అనే అమ్మాయిని పిలిచారు. జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తోంది, ఉండేది అడిక్‌మెట్. ఒక శనివారం పొద్దున్నే స్కూటీ మీద వచ్చింది. భుజానికి బిస్కెట్ల సంచి, చేతిలో స్ప్రే డబ్బా. బిస్కెట్ వేయడం, కుక్క తల వంచగానే వీపు మీద రంగు కొట్టడం. కర్రె కూడా బిస్కెట్‌కు ఆశపడింది. బీరమ్మ చీపురు పట్టుకుని గేటు దగ్గరకు వచ్చేసరికి నల్లటి వీపు మీద అరచేయంత ఎర్రమచ్చ ఉంది.

"ఏందమ్మా అది?"

"రంగు ఆంటీ. లెక్క కోసం."

"దేని లెక్క?"

"కుక్కలు ఎన్ని ఉన్నాయో చూడాలి."

"రంగెందుకు? కండ్లు లేవా?"

మహిత నవ్వింది. "ఎన్నిసార్లు తిరిగినా అన్నీ కంటికి కనపడవు ఆంటీ. కొన్ని కార్ల కింద ఉంటాయి, కొన్ని వేరే సందుకి పోతాయి. ఏం భయం లేదు, ఇది పశువులకు వేసే రంగే. కొన్నాళ్లకు పోతుంది."

"లెక్కవెట్టినంక?"

"రిపోర్టు ఇస్తాను."

"ఎవలకు?"

"కాలనీవాళ్లకు."

"ఆళ్లేం జేస్తరు?"

"అది వాళ్లు చూసుకుంటారు ఆంటీ" అని స్కూటీ స్టార్ట్ చేసింది. మంచి పిల్ల. కానీ అంతకంటే తప్పు మాట ఆ పొద్దున ఇంకోటి దొరకదు.

బీరమ్మ చిన్నప్పుడు నాయన వెంట గొర్రెల సంతకు పోయేది. అక్కడ కసాయివాళ్లు బేరం కుదిరిన గొర్రెలను వెంటనే తీసుకుపోరు. వీపు మీద ఎర్రరంగు చరిచి, పక్కకు నిలబెట్టి, ఇంకా కొనడానికి వెళ్తారు. సాయంత్రం లారీ వస్తుంది. ఎర్రమచ్చ ఉన్నవన్నీ లెక్కపెట్టి ఎక్కిస్తారు. ముందు రంగు, ఆనక లెక్క, ఆపైన బండి. ఆ వరస ఆవిడకు పలకా బలపం కంటే ముందే తెలుసు.

ఆ మధ్యాహ్నం చిక్కడపల్లి కిరాణా కొట్లో కుంకుడుకాయలన్నీ అయిపోయాయి. కొట్టువాడు నాతో గుసగుసగా, "మీ వాచ్‌మన్ అక్క ఏమన్న బిజినెస్ పెట్టిందా సార్? కాయలన్నీ సంచిల పోసుకపోయింది" అన్నాడు.

ఆదివారం మా సెల్లారు కాలువలో నురగే నురగ. వీరరాఘవరావు పై అంతస్తు నుంచి చూసి, పరుగున దిగి వచ్చాడు. నేను వినోదం కోసం వెనకాలే దిగాను.

"ఏం బీరమ్మా, లాండ్రీ పెట్టావా మన బోరు నీళ్లతో?"

"లే సార్. తలంటుకుంటున్న."

"పొద్దుట్నుంచీనా?"

"పేండ్లు వడ్డయి సార్. మస్తు వడ్డయి. జర దగ్గరికొచ్చి సూస్తరా?"

పేల మాట వినగానే వీరరాఘవరావు వెనక్కి నడుస్తూనే మెట్లెక్కాడు. అలా వెనక్కి నడుస్తూ మెట్లెక్కగల మనిషిని నేను ఆయన్నే చూశాను.

నాకూ అనుమానం వచ్చింది. తలంటుకున్న మనిషి జుట్టు పొడిగా ఉంది, చీర మాత్రం తడిసి ముద్దయింది. అడగబోతే తలుపు దగ్గరగా వేసేసింది. లోపల ఏదో ఒళ్లు విదిలించుకున్న చప్పుడు.

తరవాత తిమ్మప్ప చెబితే తెలిసింది. ఆదివారమంతా, మర్నాడు తెల్లవారుజామున కూడా, బకెట్టు అన్నం చూపించి కుక్కలను ఒక్కొక్కటిగా సెల్లారులోకి పిలిచి, కొబ్బరినూనె పట్టించి, కుంకుడు రసంతో రుద్దిందట.

"లగ్గమైన కాడికెల్లి నా తలకాయకు ఒక్కపారి పొయ్యలే సార్! కుక్కలకు మాత్రం నూనె వెట్టి మరీ!" అని ఆయన గోల.

సోమవారం పొద్దున మహిత మళ్లీ అదే దారిలో తిరిగింది. ఈసారి రంగు వేయలేదు, కనిపించిన కుక్కలను చూసి రాసుకుంది. సాయంత్రం కమ్యూనిటీ హాల్లో లెక్క చెప్పింది. బీరమ్మ కుర్చీలు వేసి టీ అందిస్తోంది.

"మొదటిసారి నలభై కుక్కలకు రంగు వేశాను. ఇవాళ ముప్ఫై ఆరు కనిపించాయి. వాటిలో రంగున్నవి నాలుగే" అంది మహిత. "అంటే తొమ్మిదింటిలో ఒకదానికే రంగుంది. కాబట్టి నేను రంగు వేసిన నలభై, మొత్తంలో తొమ్మిదో వంతు అనుకోవాలి. మొత్తం మూడు వందల అరవై." ఆ అంకె చెబుతున్నప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గింది.

వీరరాఘవరావు లేచి నిలబడ్డాడు. "నేను చెప్పలా? ఇవి ఇక్కడ పుట్టిన కుక్కలు కావండీ. ఆవిడే కాచిగూడ నుంచి తెస్తోందని నా అనుమానం. ఆటోలో."

"ఆటోలో కుక్కలా?" అన్నాను. "కిరాయి మీటరు మీదా, బేరం మీదా?"

ఎవరూ నవ్వలేదు. మూడు వందల అరవై అనే అంకె గదిలో కూర్చుంది. శుక్రవారం బండి రప్పించి అన్నిటినీ షెడ్డుకు పంపాలని చేతులెత్తారు. బీరమ్మ చేతిలో టీ పళ్లెం అలాగే ఆగిపోయింది. తరవాత ఆవిడ నిమ్మళంగా పళ్లెం కిందపెట్టి బయటకు పోయింది. ఆ మొహంలో నాకు ఆశ్చర్యం కనిపించలేదు. రంగు, లెక్క, బండి. అంతా ఆవిడ అనుకున్న వరసలోనే వస్తోంది.

మహిత మాత్రం ఇంటికి వెళ్లలేదు. మా బాల్కనీలో కూర్చుంది. కాఫీ ఇచ్చాను.

"ఏదో తేడాగా ఉంది తాతగారూ. మూడు వందల అరవై కుక్కలకు ఇక్కడ తిండేది? పుడుతూ ఉన్నంత మాత్రాన ఏ జీవీ అలా పెరుగుతూనే పోదు. తిండి, చోటు ఉన్నంతవరకే పెరుగుతుంది, తరవాత నిలిచిపోతుంది. హాస్టళ్లలో మిగిలే అన్నం అరవై డెబ్భైకి సరిపోతుందేమో. మిగతావి ఏం తిని బతుకుతున్నాయి?"

"గాలి" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు కనుక ఒక కథ చెప్పాను.

మా కాన్వెంటులో మదర్ మధ్యాహ్నం పాలు పోయించేది. తాగినవాడి చేతిమీద ఊదారంగు ముద్ర. మా తరగతిలో ఒకడు ఆ ముద్రను నాలికతో నాకేసి మళ్లీ వరసలో నిలబడటం కనిపెట్టాడు. వారం తిరిగేసరికి బడి మొత్తం నాలికలు ఊదారంగు. పాల డబ్బాలు ఖాళీ అవుతున్నాయి, ముద్ర లేని చేతులు వస్తూనే ఉన్నాయి. పాపం మదర్, జిల్లాలో పిల్లలందరూ తన బడిలోనే చేరారనుకుని ఇంకో భవనానికి చందాలు మొదలుపెట్టింది.

భవనం సంగతి నేను కలిపాను. ఆ పిల్ల అంతవరకూ వినలేదు. ఊదారంగు నాలికల దగ్గరే లేచి నిలబడింది.

"ఎవరో కడిగేశారు" అంది. "తాతగారూ, ఇక్కడ ఎవరైనా..."

మేమిద్దరం ఒకేసారి కిందకు చూశాం. సెల్లారు కాలువ అంచున ఎండిన నురగ తెట్టు గులాబీ రంగులో ఉంది.

బీరమ్మ గదిలో మూట కడుతోంది. గుమ్మంలో కర్రె, వీపు నిగనిగలాడుతూ, కుంకుడుకాయ వాసన కొడుతూ.

"ఆంటీ, రంగు మీరే కడిగారా?"

"నాకేం ఎర్క?"

"ఇది తలంటు పోసుకున్నట్టుంది మరి" అన్నాను కర్రెను చూపించి.

"పండుగ సార్ దానికి" అంది తొణక్కుండా. తరవాత మహిత వైపు తిరిగి, "అవ్, నేనే కడిగిన. ఏంజేస్తవు? ఎర్రరంగు ఏసి లారీ ఎక్కిచ్చుడు నేను సూడలేదనుకున్నవా? ఇగ నీ బండి రాకముందే దీన్ని తీస్కొని మా ఊరికి పోతున్న."

"మరి మిగతావి?" అంది మహిత.

బీరమ్మ చేతిలో ముడి జారింది. మహిత గుమ్మంలోనే చతికిలబడి, ఆ పిల్లకు తోచినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"ఆంటీ, మీ ఇంట్లో పెళ్లి అనుకోండి. ఎంతమంది వచ్చారో తెలీదు. వాకిట్లో నలభై మందికి గంధం పూశారు. మిగతావాళ్లు వేరే దారిన వచ్చేశారు. బంతిలో కూచున్నవాళ్లను చూస్తే, ప్రతి ముగ్గురిలో ఇద్దరికి గంధం ఉంది. అంటే జనం ఎక్కువేం లేరు, అరవై మందే. అవునా?"

"ఊ."

"అదే ఎవరో మధ్యలో అందరి మొహాలూ కడిగేశారనుకోండి. బంతిలో గంధం ఉన్నవాళ్లు ఎక్కడో ఒకరు. అప్పుడేమనుకుంటారు?"

బీరమ్మ మూట పక్కకు నెట్టింది. కర్రె తోకతో నేల కొడుతోంది.

"మంది మస్తుగ వచ్చిండ్రు, వంట చాలదు అనుకుంట" అంది. ఆ మాట అంటున్నప్పుడే ఆవిడకు తెలిసిపోయింది. "అంటే... నేను కడిగినకొద్ది కుక్కలు పెరిగినయి?"

"మీరు ముప్ఫై కడిగితే కాగితం మీద మూడు వందలు పెరిగాయి. వంద దాటితేనే బండి. దాటకపోతే ఆపరేషన్ చేసి ఇక్కడే వదిలేస్తారు."

"గా ముచ్చట ఆ పొద్దుగాలనే చెప్తే నీ నోరు వోతుండెనా?"

మహిత తలవంచుకుంది. నేను చేతిలో పట్టుకొచ్చిన కాఫీ కప్పుకేసి చూశాను. ఆ మాట నాకూ తెలుసు మరి.

మళ్లీ లెక్కపెట్టాలంటే వీరరాఘవరావు ఒప్పుకోవాలి. విషయమంతా విని ఆయన కళ్లు చిన్నవి చేసుకున్నాడు.

"ఒకసారి ఎక్కువొచ్చిందని ఇప్పుడు తక్కువ చెయ్యాలని మీ ముగ్గురూ కూడబలుక్కున్నారు."

"అయితే మీరే వెంట తిరగండి. రంగు వేసేటప్పుడూ మీరే, చూసేటప్పుడూ మీరే" అన్నాను. ఒకరిని అనుమానించడానికి పొద్దున్నే లేవడమంటే ఆయనకు తీర్థయాత్రతో సమానం. సరేనన్నాడు.

మంగళవారం పొద్దున అసలు చిక్కు వేరే వచ్చింది. స్ప్రే చప్పుడు ఒకసారి విన్న కుక్కలు మహితను చూడగానే పారిపోతున్నాయి. బిస్కెట్ చూపించినా రావడం లేదు. వాటిని పిలవగలిగింది బీరమ్మ ఒక్కతే. ఆవిడ గేటు దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది, పిలవడం లేదు.

ఈసారి రంగు నీలం. పాత ఎర్రమచ్చలతో కలవకుండా ఉండాలని మహిత మార్చింది.

"ఆంటీ, మీ సంతలో పెంచుకోడానికి కొనుక్కునేవాళ్లు ఏ రంగు వేస్తారు? అది చెప్పండి, అదే తెస్తాను."

"సాదుకునెటోళ్లు రంగెందుకేస్తరు బిడ్డా? మెడకు తాడేసుకొని ఎంబడి తోల్కపోతరు."

వీరరాఘవరావు గడియారం చూసుకున్నాడు. బీరమ్మ మహితను పైనుంచి కిందదాకా చూసింది. కొరియర్ కుర్రాణ్ణి చూసినట్టే.

"నువ్వు చెప్పింది నిజమే గావొచ్చు. నాకింకా పూర నమ్మకం లేదు. గాని ముందుగాల నాకేయ్" అని కుడిచెయ్యి చాపింది.

"మీకా?"

"ఆ. బండి వస్తె నన్ను గూడ ఎక్కిచ్చుకోవాలె. ఏయ్."

మహిత వీరరాఘవరావు వైపు చూసింది, నా వైపు చూసింది, ముంజేతి మీద కొంచెం రంగు కొట్టింది. బీరమ్మ దాన్ని వాసన చూసింది, ఇంకో చేత్తో రుద్ది చూసింది. తరవాత మహిత చేతిలో డబ్బా లాక్కుని, కర్రెను దగ్గరకు పిలిచి, మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని తనే వీపు మీద రంగు వేసింది. కర్రె ఆవిడ మోచెయ్యి నాకుతూ నిలబడింది.

ఆ తరవాత బకెట్టు ఎత్తుకుని నడిచింది. వెనక మహిత, ఆ వెనక వీరరాఘవరావు, చిట్టచివర నేను. మార్కెట్ వెనక సందులన్నీ తిరిగి ఫ్లైఓవర్ కిందకు చేరేసరికి కుక్కలు ఆవిడ వెంట పడి వస్తున్నాయి. ఆ ఊరేగింపులో ఏనుగులు కూడా ఉన్నాయని నేను మా మనవరాలికి చెప్పాను. మీకు మాత్రం కుక్కలనే చెబుతున్నాను.

బుధవారం పొద్దున నీలం మచ్చలను చూసి మళ్లీ లెక్క కట్టారు. కనిపించినవాటిలో సగానికి పైగా మచ్చలున్నాయి. మొత్తం అరవై, ఒకటీ రెండూ అటో ఇటో.

వీరరాఘవరావు కాగితం రెండుసార్లు తిప్పి చూశాడు. తను స్వయంగా చూసింది కనుక కాదనలేడు. ఏదో ఒకటి అనకుండానూ ఉండలేడు.

"నీలం మచ్చ ఈవిడ చేతికి కూడా ఉంది కదా. ఆ అరవైలో ఈవిణ్ణి కూడా కలిపారా?"

"నిన్ను గూడ కలుపుమన్న సార్" అంది బీరమ్మ, "మొరుగుతున్నవు గదా అని."

శుక్రవారం రావలసిన బండి రాలేదు. మరో వారానికి ఆపరేషన్ల బండి వచ్చింది. కొన్ని కుక్కలను ఎక్కించుకుంది, వాటిలో కర్రె కూడా ఉంది. బండి సందు తిరిగేదాకా బీరమ్మ నిలబడి చూసింది, ఆ తరవాత కర్రె వచ్చేదాకా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. అన్నం అక్కడే తింది. నేను కబుర్లు చెబుదామని వెళితే, "వస్తదంటవా సార్?" అని ఒకటే ప్రశ్న. నేను జీవితంలో ఎన్నో కోతలు కోశాను గానీ, "వస్తుంది" అని ఆవిడతో అనడానికి భయపడ్డాను.

వచ్చింది. ఎడమ చెవి కొస లేదు, కడుపు మీద కుట్లు, కొంచెం తూలుతోంది. బీరమ్మ దాన్ని ఒడిలోకి లాక్కుని పళ్లు, కళ్లు, కాళ్లు అన్నీ చూసింది. వేరే కుక్కను ఇచ్చి పంపారేమోనన్న అనుమానం తీరాక గదిలోకి తీసుకుపోయింది.

మొన్న గేటు దగ్గర ఆగి చూశాను. కర్రె వీపు మీద రంగు ఎప్పుడో పోయింది. బీరమ్మ ముంజేతి మీద నీలం మచ్చ ఇంకా లీలగా కనిపిస్తోంది. ఆ చెయ్యి మీద నీళ్లు పడకుండా అంట్లు తోముతోంది.

"ఇంకా కడుక్కోలేదేం బీరమ్మా? కుంకుడుకాయలు అయిపోయాయా?"

ఆవిడ చెయ్యి వెనక్కి దాచుకుంది.

"మల్ల లెక్కకొస్తరేమో సార్. మచ్చ కడుక్కొని మల్ల నా వల్లనే కుక్కలు పెరుగుడెందుకు?"